మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దా?

మా పశ్చిమ ప్రకాశం బడుల్లో కొత్తగా పెళ్లయిన టీచరమ్మ ఒంట్లో బాగాలేదని చెప్పడానికి వాడే మాటలు లెక్కపెట్టొచ్చు. "గ్యాస్ ట్రబులండీ", "ఎండదెబ్బండీ", "నిన్న పెళ్లిలో తిన్నది పడలేదండీ". ఈ మూడూ వరసగా మూడు రోజులు వింటే స్టాఫ్ రూంలో ఉన్న ఆడవాళ్లకి సంగతి అర్థమైపోతుంది. అయినా ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. నీళ్లోసుకున్న సంగతి మూడో నెల దాటేదాకా గడప దాటించకూడదని మా అమ్మలూ అత్తలూ నేర్పారు మరి! దిష్టి తగులుతుందనీ, నిలిచేది నిలవదనీ భయం.

నేను మార్కాపురంలో కాపురముంటూ చుట్టుపక్కల పల్లెల్లో పదిహేడేళ్లుగా చిన్నపిల్లలకి చదువు చెబుతున్నాను. ఇద్దరు పిల్లల తల్లిని. నా రెండు కడుపులూ, నా కళ్లముందు తోటి టీచర్లవి ఓ పది పన్నెండూ చూశాక నాకు గట్టిగా అనిపించేదేమిటంటే, బడిలో పనిచేసే ఆడదానికి నెలలు నిండిన రోజులకన్నా మొదటి మూడు నెలలే కష్టం. ఎనిమిదో నెలలో పొట్ట అందరికీ కనిపిస్తుంది. దోర్నాల బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా లేచి సీటిస్తారు. పిల్లలు పరిగెత్తి కుర్చీ తెచ్చేస్తారు. రెండో నెలలో ఏం కనిపిస్తుంది? బయటికి ఏమీ ఉండదు. లోపల మాత్రం కడుపు తిప్పేస్తూ, కాళ్లు లాగేస్తూ, మధ్యాహ్నం రెండింటికి కళ్లు మూతలు పడిపోతుంటాయి. ఎదురుగా ముప్ఫైమంది పిల్లలు "టీచర్, వీడు నన్ను కొట్టాడు టీచర్!"

వేవిళ్లు సాధారణంగా ఆరో వారంలో మొదలై, తొమ్మిదో వారానికి బాగా ముదిరి, పద్నాలుగు పదహారు వారాలకల్లా చాలామందికి తగ్గిపోతాయి. వారాలంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. పొద్దుటిపూటే వస్తాయని పేరేగానీ, రోజులో ఎప్పుడైనా రావచ్చు. మన ఉద్యోగంలో మాత్రం పొద్దుటి వాంతికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. 2022 ఆగస్టులో మా బడుల్లో ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చింది. తొమ్మిదింటికల్లా బడి ఆవరణలో ఉండాలి. కంభం వైపు రైలెక్కేవాళ్లు, ఆటో నిండేదాకా తర్లుపాడు రోడ్డులో నిలబడేవాళ్లు ఏడున్నరకే ఇంట్లోంచి బయటపడాలి. దారిలో ఆటో ఆపించి ఓ పక్కన కూర్చుంటే ఆ ఐదు నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలి?

ఇందులో నాకు పనికొచ్చిన చిట్కాలు పెద్ద గొప్పవేం కాదు. ఖాళీ కడుపే వాంతికి పుట్టిల్లు. అందుకని మంచం దిగకముందే గుప్పెడు బొరుగులు నమిలి, పావుగంట ఆగి లేచేదాన్ని. బ్యాగులో చిన్న డబ్బా ఉండేది. వేయించిన శనగలో, బొరుగులో, ఓ రొట్టె ముక్కో. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య రెండు ముద్దలు. ఒక్కసారే కడుపునిండా తింటే అంతా బయటికే. నీళ్లు కూడా అన్నంతోపాటు కాకుండా మధ్యమధ్యలో గుక్కలుగా తాగితే నిలుస్తాయి. అల్లం కొంతమందికి బాగా పనిచేస్తుంది.

ఇక పదకొండు గంటలైతే వంటగదిలోంచి వచ్చే తాలింపు వాసన, గుడ్లు ఉడికే వాసన... రాసే ఓపిక కూడా లేదు నాకు. వంటగది పక్క గది నాది. అవతలి చివర మూడో తరగతి. గదులు మార్చుకుంటే సరిపోయేది. అయితే ఎందుకని అడుగుతారు కదా! మొదటిసారి ఆ మూడు నెలలూ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని ఎక్కాలు చెప్పించాను. రెండోసారి మా పెద్దటీచరుగారికి ఆరో వారంలోనే చెప్పేశాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. మర్నాటికల్లా నా నల్లబల్ల అవతలి గదిలో ఉంది.

వాంతులు తగ్గడానికి మెడికల్ షాపులో అడిగి మాత్ర కొనుక్కోవద్దు. డాక్టర్లు రాసే డాక్సిలమైన్, బి6 కలిసిన మాత్ర గర్భిణులకి దశాబ్దాలుగా ఇస్తున్నదే. కాకపోతే దాంతో నిద్రమత్తు వస్తుంది, అందుకే ఎక్కువగా రాత్రిపూట రాస్తారు. పొద్దున వేసుకుని స్కూటీ నడపడం ప్రమాదం. రోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొంచెమే వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా అది "అందరికీ ఉండేదే" కాదు. సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి. బ్రిటన్ రాజకుటుంబం కోడలు కేట్‌కి 2012 డిసెంబరులో అదే జరిగింది. అక్కడ కూడా పన్నెండు వారాలు దాటేదాకా చెప్పని అలవాటే. పాపం, వాంతులతో ఆస్పత్రిలో చేరేసరికి దేశమంతటికీ ముందే చెప్పాల్సి వచ్చింది.

నీళ్ల సంగతి

బడిలో నీళ్లు తాగని టీచర్లని నేను చాలామందిని చూశాను. పొద్దున ఇంట్లో తాగిన గ్లాసుడే సాయంత్రం ఇల్లు చేరేదాకా. కారణం మీకు తెలియనిది కాదు. 2019 నవంబరులో నాడు-నేడు పనులు మొదలయ్యాక చాలాచోట్ల మరుగుదొడ్లు బాగుపడ్డాయి. కానీ తలుపు గడియ పడనివి, నీళ్లు రానివి ఇంకా ఉన్నాయి. గర్భిణికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. పట్టించుకోకపోతే మూత్రపిండాల దాకా పాకుతుంది. దీనికి మందుకన్నా ముందు బకెట్టూ గడియా కావాలి. ఆ గడియ కోసం పోట్లాడమని నా సలహా.

మన ప్రాంతంలో ఇంకో తిరకాసు ఏమిటంటే, ఏ నీళ్లు తాగాలన్నదే ప్రశ్న. మార్కాపురం, కనిగిరి, పొదిలి, గిద్దలూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పాలా! పళ్లమీద ఆ గారలు చూసే మనది ఏ వైపో చెప్పేస్తారు ఒంగోలువాళ్లు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా అని మన దేశపు ప్రమాణం. చాలామంది చేసే పని నీళ్లు కాచి చల్లార్చి తాగడం. దానివల్ల క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది చిక్కబడుతుంది. ఫ్లోరోసిస్ మీద జీవితమంతా పనిచేసిన డాక్టర్ ఎ.కె.సుశీల, రక్తహీనత ఉన్న గర్భిణులకి నీళ్లలో, తిండిలో ఫ్లోరైడ్ తగ్గించి, ఆకుకూరలూ పాలూ పళ్లూ పెంచితే రక్తం పట్టడమే కాదు, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు కూడా తగ్గారని 2010లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఫ్లోరైడ్ పేగుల లోపలి పొరని దెబ్బతీస్తే తిన్న తిండిలో సత్తువ ఒంటికి పట్టదన్నది ఆవిడ వాదన. అందుకే నెల తప్పిందని తెలిసిన రోజు నుంచీ శుద్ధిచేసిన నీళ్లు ఇంటినుంచే రెండు సీసాలు పట్టుకెళ్లండి. బరువే, కానీ మోయాల్సిన బరువు. స్టాఫ్ రూం నల్లటి టీ రోజుకి నాలుగుసార్లు తాగే అలవాటుంటే అది కూడా తగ్గించండి. తేయాకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, పైగా అన్నంతోపాటు తాగితే ఇనుము ఒంటికి పట్టనివ్వదు.

ఇనుమంటే గుర్తొచ్చింది. మా ఊరి పలకల గురించి చెప్పాలి. మార్కాపురం పలక అంటే ఒకప్పుడు దేశంలో అక్షరాలు దిద్దిన పిల్లలందరికీ తెలుసు. ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ వైభవం లేదుగానీ, ఒకటో తరగతి గదిలో బలపాల పెట్టె మాత్రం ఉంటుంది. మూడో నెలలో ఉన్న టీచరుకి ఆ పెట్టె పక్కన కూర్చోవడం ఎంత పరీక్షో అనుభవించినవాళ్లకే తెలుసు! తడిసిన బలపం వాసనకి నోట్లో నీళ్లూరుతాయి. ఒకటి విరిచి నోట్లో వేసుకుంటే, తర్వాత రోజుకి నాలుగు. మా అమ్మమ్మలు దీన్ని "కడుపులో బిడ్డ అడుగుతోంది" అని మురిసిపోయేవాళ్లు. బిడ్డ అడగడం కాదు, చాలావరకు ఒంట్లో ఇనుము తగ్గిందని చెప్పడం. మట్టి, బలపం, పచ్చి బియ్యం, సుద్ద తినాలనిపిస్తే ఆ కోరికని తిట్టుకోనక్కర్లేదు, వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ పదకొండుకి తగ్గితే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా ఈ లెక్కలోకే వచ్చారు. బలపం తింటే ఇనుము రాదు సరికదా, మలబద్ధకమూ, నులిపురుగులూ అదనం. సజ్జలు, నువ్వులు, మునగాకు, కోడిగుడ్డు, దానిపైన ఓ నిమ్మచెక్క. ఇవన్నీ మన సంతలో దొరికేవే.

మొదటి మూడు నెలల్లో వేసుకోవాల్సింది మాత్రం ఫోలిక్ యాసిడ్. ఐరన్ మాత్రలు మామూలుగా నాలుగో నెల నుంచి మొదలుపెడతారు. బిడ్డ మెదడుకీ వెన్నుకీ పునాది అయిన గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకే! మనం ఇంకా "వేడిచేసి ఆగిందేమో" అనుకునే రోజులవి. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు.

దద్దుర్లతో వచ్చే పిల్లలు

ఇది టీచర్లకే ప్రత్యేకమైన భయం. బ్యాంకులో పనిచేసే ఆమెకి ఇంతగా ఉండదు. ఒంటిమీద దద్దుర్లతో పిల్లవాడు వచ్చి మన ఒళ్లోకి ఒరిగిపోతాడు. అది చెమటకాయ కావచ్చు, రుబెల్లా కావచ్చు. రుబెల్లా పిల్లలకి రెండు మూడు రోజుల జ్వరం, అంతే. మొదటి పన్నెండు వారాల్లో గర్భిణికి సోకితే మాత్రం బిడ్డ కళ్లు, చెవులు, గుండె దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. ఈ సంగతి మొదట పసిగట్టింది ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, 1941లో. పసిపిల్లలు శుక్లాలతో పుడుతుంటే తల్లుల మాటలు శ్రద్ధగా విని కారణం పట్టుకున్నాడాయన. మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో బడులన్నిటా తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకి మీజిల్స్-రుబెల్లా టీకాలు వేశారు. దాంతో ముప్పు బాగా తగ్గింది. కానీ అప్పటికే పెద్దవాళ్లయిపోయిన మన టీచర్ల సంగతి? పెళ్లి కుదరగానే రుబెల్లా రక్తపరీక్ష చేయించుకుని, రక్షణ లేకపోతే టీకా వేయించుకుని, ఓ నెల ఆగడం మంచిది. కడుపుతో ఉన్నప్పుడు ఆ టీకా వేయరు.

ఆటలమ్మ మరో రకం. "అమ్మవారు పోసింది" అని ఇంట్లో వేపాకు కట్టి, అదే ఇంటి రెండో పిల్లని బడికి పంపిస్తారు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అవి ఎండి పక్కుగట్టేదాకా అంటుకుంటుంది. మీకు చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదని అమ్మ చెబితే, క్లాసులో ఒక్కరికి వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొన్ని రోజుల్లోపు ఇస్తేనే పనిచేసే ఇంజెక్షను ఉంది. మరి ఆ రోజు హెచ్చెమ్‌గారిని పర్మిషన్ ఏమని అడుగుతారు? గ్యాస్ ట్రబులనా?

అసలు మెలిక

పేరు వద్దు. డీఎస్సీలో కొత్తగా వచ్చిన అమ్మాయి, పెళ్లయి ఏడాది. తొమ్మిదో వారంలో కడుపు పోయింది. వాళ్లత్తగారికీ భర్తకీ తప్ప ఎవరికీ తెలియదు. "కడుపునొప్పి" అని రెండు సీఎల్‌లు పెట్టి మూడో రోజు బడికొచ్చేసింది. రక్తస్రావం ఇంకా ఆగలేదు. నిలబడి పద్యం చెబుతూ చెబుతూ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. రెండో తరగతి పిల్ల ఒకతి గ్లాసుతో నీళ్లు తెచ్చి, నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట, "అక్కా, రోజూ చేతులు పైకెత్తి బోర్డు మీద తేదీ రాసేదాన్ని కదా, అందుకేనా?"

కాదమ్మా. చేతులెత్తడం వల్ల కాదు, మెట్లెక్కడం వల్ల కాదు, బొప్పాయి ముక్క వల్ల కాదు, ఎదురింటావిడ చూపు వల్ల అంతకన్నా కాదు. తెలిసిన గర్భాల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా ఇలా పోతాయి. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. వాటిలో దాదాపు సగం పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల జరిగేవి. ఆమె చేసిన పనికీ దానికీ సంబంధం లేదు. ఆ మాట డాక్టరు చెబితే ఆ అమ్మాయి నమ్మింది. నేను చెప్పినప్పుడు నమ్మలేదు, అది వేరే సంగతి.

ఆమెకి ఆరు వారాల సెలవు హక్కుగా ఉంది. గర్భస్రావానికి మా సర్వీసు నిబంధనల్లో జీతంతో ఆరు వారాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2010లో ప్రసూతి సెలవు 120 రోజుల నుంచి 180 రోజులు అయిన సంగతి ప్రతి టీచరుకీ నోటికి వచ్చు. ఈ ఆరు వారాల సంగతి ఎంతమందికి తెలుసు? తెలిసినా అడగాలంటే, పోయిన కడుపు అసలు ఉండేదని చెప్పాలి. ఉన్నట్టు చెప్పకూడదని ఇంట్లో ఆన. పోతే ఎవరికీ తెలియకుండా ఉంటుందనే కదా ఈ దాపరికమంతా! తెలియకుండా ఉన్నందుకు ఆ అమ్మాయికి దక్కింది రెండు సీఎల్‌లు.

ఇంకో విచిత్రం చూడండి. ఏఎన్ఎమ్ దగ్గర పన్నెండు వారాల్లోపు పేరు నమోదు చేయించుకోమని ఆరోగ్యశాఖ అంటుంది. రక్తం గ్రూపు, థైరాయిడ్, షుగర్ అప్పుడే చూడాలి. పొత్తికడుపులో ఒకవైపు విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనబడటం ఉంటే గర్భం ట్యూబులో నిలిచిందేమో అదే పూట స్కాన్ చేయాలి. మన దగ్గర్నుంచి ఒంగోలు పోవాలంటే సగం రోజు. గిద్దలూరు నుంచి నంద్యాల పోదామంటే ఘాటు మలుపులు. ఇంత దూరాల్లో బతికేవాళ్లం, పక్క గదిలో మనిషికైనా తెలియకుండా ఎలా?

ప్రైవేటు బడుల్లో చెప్పడం అంత తేలిక కాదని నాకు తెలుసు. మా బంధువులమ్మాయి ఒకతి అలాంటి బడిలో రెండో నెల అని చెప్పింది. "జూన్‌లో చూద్దాంలేమ్మా, ఇప్పుడు విశ్రాంతి తీసుకో" అన్నారు మర్యాదగా. జూన్‌లో ఆ కుర్చీలో ఇంకొకరున్నారు. ఆమె దగ్గర నియామక పత్రం లేదు, జీతం చేతికే ఇచ్చేవారు. చట్టమైతే ఆమె పక్షానే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం పదిమందికి పైగా పనిచేసేచోట వర్తించేది. అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 2017లో సెలవు 26 వారాలకి పెరిగింది, గర్భస్రావానికి ఆరు వారాలు మొదటినుంచీ ఉన్నాయి. తర్వాత తెచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవి అలాగే ఉన్నాయి. కడుపుతో ఉందని పనిలోంచి తీసేయడం నేరం. కానీ పనిచేశానని రుజువు కావాలి. అందుకని జీతం బ్యాంకులో పడేలా ముందే అడగండి. ఇలాంటి చోట నోటిమాటగా చెప్పొద్దు, కాగితం మీద రాసి, తేదీ వేసి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి. తేడా వస్తే కార్మిక శాఖ అధికారి దగ్గరికి ఆ నకలే తీసుకెళ్లాలి.

ప్రభుత్వ బడుల్లో ఇబ్బంది వేరు. పల్లెల్లో చాలావరకు ఇద్దరు టీచర్ల బడులు. రెండో ఆయన మగాయన, మన నాన్న వయసు. ఆయనతో ఈ మాట ఎలా అంటాం? ఎక్కువ వివరం అక్కర్లేదు. "సార్, డాక్టరుగారు కొన్నాళ్లు ఎక్కువసేపు నిలబడొద్దన్నారు, ప్రార్థన దగ్గర నేను కూర్చుంటాను" అంటే చాలు. ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్లే, వెంటనే గ్రహిస్తారు. కుర్చీ, వంటగదికి దూరంగా ఉన్న గది, రెండు పూటలా పది నిమిషాల విరామం. అడగాల్సినవి ఇంతే. మహిళా టీచర్లకి 1996 నుంచి అదనంగా వస్తున్న ఐదు సీఎల్‌లు సంవత్సరం చివరికి మిగుల్చుకోకుండా ఈ నెలల్లో వాడుకోవచ్చు. అవి చాలకపోతే డాక్టరు సర్టిఫికెట్ మీద కమ్యూటెడ్ సెలవుంది.

అత్తగారి సంగతా? మా అత్తగారితో నేను వాదించలేదు. "ఊరందరికీ చెప్పను, బడిలో ఒక్కరికి చెబుతాను" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆ ఒక్కర్తీ నోరు మంచిదేనా?" అని అడిగారు. మంచిదేనన్నాను. దిష్టి తీసి పంపించారు.